ఎదుటివారి పలుకు - దిక్కు తెలిసిన చెవి మిషను

మాట సరిగా వినబడని ముదుసలులు అరచేతిని దొప్పవలె మడచి చెవి వెనుక నుంచుకొని, మాటలాడువారి వైపు కొంచెము వంగుట మన సోదరీమణు లందఱును చూచియే యుందురు. దానిని చూచి నవ్వు పిల్లలును గలరు. కాని ఆ చేయి చేయు పని నవ్వదగినది కాదు. అది ముందునుండి వచ్చు ధ్వనిని పోగుచేసి చెవిలోనికి పంపుచు, వెనుకనుండి వచ్చు చప్పుడును కొంత అడ్డగించుచున్నది. అడవిలో లేడియు, దొడ్డిలో ఆవును చెవులు త్రిప్పుట ఇందుకొఱకే. ఈ చేతిదొప్ప చేయు పనినే నేడు చెవి మిషనులో కందిగింజంతయు లేని రెండు మైక్రోఫోనులు మఱింత నేర్పుతో చేయుచున్నవి. ఆ నేర్పెట్టిదో, దానివలన మన యింటి పెద్దలకు గలుగు లాభమెంతయో, దానిచేత గాని పను లెవ్వియో ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

అనంతపురపు మెట్టసీమను మనస్సున నుంచుకొని యీ మాటలు వ్రాయుచున్నాము. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను సీమ యిది. వేరుసెనగ పైరు చేతికి రాని యేడు యువతీయువకులు బెంగుళూరునకు పనికై తరలిపోవుదురు. ఇంట మిగులువారు ముసలివారును, మనుమలును. అట్టి యింట అవ్వకు వినికిడి తగ్గినచో బిడ్డలకు మాట చెప్పువారుండరు. కుమారుడు దూరమునుండి ఫోనులో మాటలాడినను ఆమెకు సగమే తెలియును. నలుగురు చేరినచోట ఏమనుచున్నారో తెలియక, తెలిసినట్లు నవ్వి యూరకుండుట అలవాటగును. క్రమముగా ఆమెను పిలుచుటయే మానుదురు. 2024వ సంవత్సరమున లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము, వార్ధక్యమున మతి తప్పు వ్యాధికి మనము నివారింపదగిన కారణములు 14 అని లెక్కించి, వినికిడి లోపమును వానిలో చేర్చినది. కావున ఇది కేవలము ముసలితనపు ముచ్చట యని త్రోసివేయదగినది కాదు.

అయినను, మిషను కొనియిచ్చిన యిండ్లలో సైతము అది గూటిలోనో, ట్రంకుపెట్టెలోనో పడియుండుట పలుచోట్ల కానవచ్చును. "పెట్టుకొన్నచో అంతయు హోరు, తీసివేసినచో ప్రాణము హాయిగా నున్నది" అని పెద్ద లనుచుందురు. వారి మాటలో సత్యము గలదు. దానిని గ్రహింపవలె నన్నచో వయసుతో చెవి పోగొట్టుకొనున దేమియో ముందు తెలియవలెను.

వార్ధక్యమున సామాన్యముగా సన్నని, హెచ్చు స్థాయి గల ధ్వనులు ముందు పోవును. మన తెనుగు అజంత భాష. ప్రతి పదము చివరను అచ్చు నిలిచి బలముగా మ్రోగును. కావున అవ్వకు మాట వినబడుచునే యుండును. కాని హల్లు తెలియదు. "పప్పు" అన్నను, "కప్పు" అన్నను, "తప్పు" అన్నను ఆమె కొకటిగానే తోచును. క, త, ప, స, శ వంటి హల్లులు మెత్తనివి, క్షణమాత్రము నిలుచునవి. ఇట్టి బలహీనమైన హల్లును మిక్సీ చప్పుడో, టెలివిజను మ్రోతయో కప్పివేసినచో ఆమె పాలికి మాట పోయినట్లే. "అరవ వద్దు, స్పష్టముగా చెప్పు" అని ముసలివారు విసుగుకొనుటకు కారణ మిదియే.

పూర్వపు మిషను వచ్చిన ధ్వని నెల్ల సమానముగా హెచ్చించెడిది. కోడలి మాటయు హెచ్చినది. వెనుక పొయ్యిమీది కుక్కరు కూతయు హెచ్చినది. రెండును పెరిగినచో మాటకును చప్పుడునకును గల నిష్పత్తి మారలేదు గదా! చెవి తగ్గినవారికి కావలసినది ధ్వని పెరుగుట మాత్రమే కాదు. చప్పుడుకంటె మాట మిన్నగా నుండుట. ఆరోగ్యవంతమైన చెవి కలవాడు రణగొణధ్వనిలో సైతము మాట నేరుకొనగలడు. చెవి దెబ్బతిన్నవానికి అంతకంటె ఎన్నియో డెసిబెలుల యధిక్యము మాటకుండిన గాని తెలియదు. ఈ యధిక్యమును సంపాదించుటకు నేటికిని నమ్మదగిన యుపాయములలో ముఖ్యమైనది దిక్కు నెఱిగిన మైక్రోఫోను.

దీని చరిత్ర కొంచెము చెప్పుదుము. చెవికి కొమ్మువంటి బూర నానించుకొనుట తొలినాటి పద్ధతి. 1898 ప్రాంతమున అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ అనునతడు విద్యుత్తుతో పనిచేయు శ్రవణయంత్రమును నిర్మించెను. 1952లో ట్రాన్సిస్టరు మిషనులు అంగడికి వచ్చినవి. 1962లో బెల్ పరిశోధనాలయమున గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అను నిరువురు ఎలెక్ట్రెట్ మైక్రోఫోనును కనిపెట్టుటతో మిక్కిలి చిన్నవియు, మన్నికగలవియు నగు మైక్రోఫోనులు చేయ వీలు కలిగెను. ఒక వైపు ధ్వనినే గ్రహించు మైక్రోఫోనులు ఉపన్యాస వేదికలపై 1939 నాటికే యుండెను. ఆ యేట షూర్ సంస్థవారి యూనిడైన్ వెలువడెను. చెవి మిషనులో ఆ గుణము 1969 ప్రాంతమున ఐరోపాలో ప్రవేశించినది. 1996లో పూర్తిగా అంకెల పద్ధతిన, అనగా డిజిటల్ విధానమున, పనిచేయు మిషనులు వచ్చిన పిమ్మట ఇది ఇంటింటి వస్తువగుటకు దారి యేర్పడెను.

ఇక నది పనిచేయు విధము. నేటి మిషనుపై, చెవి వెనుక నుండు భాగమున, రెండు సన్నని రంధ్రములు కలవు. ఒకటి ముందు, ఒకటి వెనుక. వాని మధ్య దూరము సుమారు ఒక సెంటీమీటరు. ధ్వని సెకనుకు 340 మీటర్లకు పైగా పరుగెత్తును. రంధ్రముల నడుమ 12 మిల్లీమీటర్లున్నచో, ఆ దూరము దాటుటకు దానికి పట్టు కాలము, సెకనును పదిలక్షల భాగములు చేసినయెడల సుమారు 35 భాగములు మాత్రమే. ఈ స్వల్పకాలమే యంత్రమునకు దిక్కు చెప్పు గుర్తు.

వెనుకనుండి వచ్చిన ధ్వని మొదట వెనుక రంధ్రమును, 35 భాగముల పిమ్మట ముందు రంధ్రమును చేరును. యంత్రము వెనుక మైక్రోఫోను తెచ్చిన వార్తను సరిగా ఆ 35 భాగములు ఆపియుంచి, ముందు మైక్రోఫోను వార్తనుండి తీసివేయును. రెండును ఒకే క్షణమున, ఒకే రూపున నుండుటచే, త్రాసు తట్టలలో సమాన భారములవలె, శేషమేమియు మిగులదు. వెనుక చప్పుడు మాయమగును. ముందునుండి వచ్చిన మాట సంగతి వేఱు. అది ముందు రంధ్రమునకు మొదటనే వచ్చును. వెనుక రంధ్రమునకు ఆలస్యముగా వచ్చును. అక్కడ మఱల ఆపబడును. రెండు ఆలస్యములు కలిసి 70 భాగములగును. తట్టలు సరితూగవు, మాట మిగులును. మిషను చేయు మాయ యింతయే. ఆపియుంచు కాలమును మార్చినచో ఏ దిక్కు చప్పుడు నణచవలెనో అదియు మారును. కదలుచున్న చప్పుడును వెంటాడి యణచు మిషనులును కలవు.

ఈ తీసివేతలో ఒక నష్టమును గలదు. లావైన, తగ్గు స్థాయి ధ్వనులలో రెండు రంధ్రముల నడుమ భేద మత్యల్పము. కావున ముందు మాటలోని బరువును కొంత తగ్గిపోవును. దానిని మఱల నింపుటకు యంత్రము హెచ్చించినపుడు, నిశ్శబ్దమైన గదిలో సన్నని "సూ" మను రొద వినబడును. అందుచేత మంచి మిషను నిశ్శబ్దమున అన్ని దిక్కులను వినుచు, రద్దీలో మాత్రమే ఒక దిక్కునకు మరలును.

లాభ మెంత? పరిశోధనశాలలలో దీనివలన సుమారు 3, 4 డెసిబెలుల మేలు కనబడినది. మూడు డెసిబెలు లనగా ధ్వనిశక్తిలో రెండింతల భేదము. మాటయు చప్పుడును సరిసమానముగా నున్న చోట ఒక్కొక్క డెసిబెలునకు పదింటిలో ఇంచుమించు ఒక మాట చొప్పున అదనముగా తెలియును. ఆ లెక్కను పది మాటలలో అయిదు మాత్రమే తెలిసినవారికి ఎనిమిది తెలియవచ్చును. సంభాషణ సాగుటకును, మానుటకును భేదమింతే గదా! కాని యింటిలో ఈ లాభము తగ్గును. ఏలనన, సిమెంటు కప్పును, నున్నని బండలును గల గదులలో ధ్వని గోడలకు తగిలి అన్ని దిక్కులనుండియు మరలివచ్చును. వెనుక చప్పుడు ముందునుండియు వచ్చినట్లగును. చాపలు, పరుపులు, దుప్పట్లు, ధాన్యపు బస్తాలు గల గదిలో ప్రతిధ్వని తక్కువ. పెద్దలతో మాటలాడుటకు అట్టి మూల నేర్పఱచుట మంచిది.

ఇచ్చట డబ్బు ఖర్చు లేని యుపాయ మొకటి గలదు. బయలు ప్రదేశమున మాటలాడువారు రెండు మీటర్ల దూరము నుండి ఒక మీటరునకు జరిగినచో మాట 6 డెసిబెలులు హెచ్చును. వేల రూపాయల మైక్రోఫోను తెచ్చు మేలుకంటె ఒక్క రెండడుగులు తెచ్చు మేలే యెక్కువ! వంటయింటినుండి కేక వేయక, దగ్గఱకు వచ్చి, ముఖము కనబడునట్లు నిలిచి చెప్పవలెను. అవ్వను చప్పుడునకు వీపు చూపునట్లు కూర్చుండబెట్టవలెను. టెలివిజను, మిక్సీ, పిండిమర, వీధి వాకిలి ఆమె వెనుకను, మాటలాడు మనుష్యులు ముందును ఉండవలెను. యంత్రము వెనుకను అణచును, ముందును వినిపించును అని తెలిసిన యిల్లాలు పీట వేయు చోటు నెఱుగును. పెండ్లి పందిటిలో బ్యాండు మేళము వెనుక నుండునట్లు కూర్చుండబెట్టినచో పలకరింపులైనను తెలియును.

మెట్టసీమలో ఈ యంత్రమునకు శత్రువు గాలి. ఆషాఢమున మబ్బులు దాటిపోవును, వాన కురియదు, గాలి మాత్రము తప్పదు. రామగిరి కొండలపై గాలిమరలు నిలుపుటకు కారణమైన గాలియే మైక్రోఫోను రంధ్రముల వద్ద సుడులు కట్టి "బుస్సు" మనును. ఈ సుడి రెండు రంధ్రముల వద్దను ఒక్కతీరుగ నుండదు. కావున త్రాసు తట్టలు సరితూగవు. చప్పుడు పోవుటకు మారుగా హెచ్చును. చేనిలోను, మోటారు సైకిలు వెనుకను, మిద్దెపైనను ఒక దిక్కు పద్ధతి మానిపించి, అన్ని దిక్కులు విను పద్ధతి పెట్టవలెను. కొన్ని మిషను లీ పని తమంతట తామే చేయును. కొన్నింటికి మీట నొక్కవలెను. అమ్మువారి నడిగి, ఆ మీట యేదియో ఇంటివా రందఱును తెలిసికొనుట యావశ్యకము.

మఱొక జాగ్రత్త. వెనుకనుండి వచ్చు లారీ కొమ్మును, ఎద్దుల గిట్టల చప్పుడును, బిడ్డ యేడ్పును కూడ ఈ యంత్రము చిన్నదిగా చేయగలదు. కావున రోడ్డు దాటునపుడు అన్ని దిక్కులు విను పద్ధతియే మేలు. చిన్న బిడ్డల విషయమున మఱింత యోచింపవలెను. బిడ్డ తన కెదురుగా చెప్పిన మాటలచేతనే గాక, ప్రక్కన పెద్దలు మాటలాడుకొను మాటలచేతను భాష నేర్చును. ఎల్లపుడును ఒక దిక్కే వినిపించినచో ఆ లాభము పోవును. బడిలో ఉపాధ్యాయుని మెడకు చిన్న మైక్రోఫోను తగిలించి, ఆ ధ్వనిని నేరుగా బిడ్డ మిషనుకు తీగలేకయే పంపు పద్ధతి గలదు. మాట నోటివద్దనే గ్రహింపబడుటచే దాని మేలు దిక్కు మైక్రోఫోను మేలును మించును.

ఇంటి పాలన యంతయు మన చేతిలో నున్నది. రెండు రంధ్రములలో ఒకదానికి ధూళి పట్టినచో లెక్క తప్పి మిషనుకు దిక్కు తెలియకపోవును. కావున ప్రతిదినము మెత్తని పొడి కుంచెతో తుడువవలెను. సూదియు, పిన్నీసును పొడువరాదు. తలకు నూనె రాచుకొనుటకు ముందే మిషను తీసివేయవలెను. ఆముదపు చుక్క యొకటి రంధ్రమున దిగిన చాలును, మైక్రోఫోను చెడును. కొప్పులోని పూలదండ, మాటీలు, తలపై కప్పుకొన్న పైటకొంగు మిషనుకు రాసుకొనకుండ చూడవలెను. ఆ రాపిడియే "గరగర" మని వినబడును. ధరించినపుడు రెండు రంధ్రములు నేలకు సమాంతరముగా, ఒకటి ముందు ఒకటి వెనుకగా నుండవలెను. మిషను జారి వ్రేలాడినచో అది చూచు దిక్కు ఎదుటి మనిషి కాక దూలమో, నేలయో యగును.

బిళ్ళవంటి చిన్న బ్యాటరీలలో జింక్-ఎయిర్ అనున వెక్కువ. వానిపై నంటించిన కాగితము తీసినతోడనే గాలి చొచ్చి పని ప్రారంభమగును. మన సీమ పొడి వేడిలో అందలి తేమ త్వరగా ఆరిపోవును. కావున అవసరమగు వఱకు కాగితము తీయరాదు. ఎండ తగులు కిటికీలో ఉంచరాదు. ఈ బిళ్ళలు పసిబిడ్డల నోటికి అందినచో ప్రాణాపాయము. చేతికందని చోట దాచుడు.

ఈ విద్యకు రాబోవు కాలమున గురువు ఒక ఈగ యగునేమో! ఓర్మియా ఓక్రాసియా అను నీగ చీకటిలో ఇలకోడి కూతను బట్టి దానిని వెదకి పట్టును. దాని రెండు చెవుల నడుమ దూరము అర మిల్లీమీటరు మాత్రమే. అయినను ఆ చెవులు రెండును సన్నని వంతెనవంటి భాగముచే కలుపబడి యుండుటవలన, అది దిక్కును ఆశ్చర్యకరముగ గుర్తించును. రోనాల్డ్ మైల్స్, డేనియల్ రాబర్ట్, రోనాల్డ్ హాయ్ అను శాస్త్రజ్ఞులు 1995లో ఈ రహస్యమును వెల్లడించిరి. ఆ వంతెన ననుకరించి మైక్రోఫోనులు చేయు ప్రయత్నము లప్పటినుండియు సాగుచున్నవి. హాలండు దేశమున డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయపు పరిశోధన ఫలముగా, కంటి అద్దముల కమ్ములలో నాలుగేసి మైక్రోఫోనులు వరుసగా నమర్చిన వారిబెల్ అను సాధనము 2006లో వెలువడెను.

ఇక, ఎచ్చట లభించును? మొదట చెవి పరీక్ష. అనంతపురమున 2000వ సంవత్సరమున స్థాపింపబడిన ప్రభుత్వ వైద్యకళాశాల గలదు. అట్టి కళాశాలల ఆసుపత్రులలో చెవి, ముక్కు, గొంతు వైద్యులుందురు. చెవిలో గులిమి గట్టిపడుటయో, చీము కారుటయో కారణమైనచో మిషనుతో పనియే లేకపోవచ్చును. లోపము స్థిరమైనదని తేలినచో సదరము ధ్రువపత్రము పొందవలెను. వికలాంగులకు ఉపకరణము లొసగు అడిప్ అను కేంద్రప్రభుత్వ పథకము 1981 నుండి కలదు. పేద వృద్ధులకై రాష్ట్రీయ వయోశ్రీ యోజనయు గలదు. 2017 ఏప్రిలు 1వ తేదీన మన నెల్లూరుననే అది ప్రారంభింపబడినది. దాని వస్తువులలో చెవి మిషనును గలదు. పుట్టుచెవుడు గల బిడ్డలకు మిషను చాలనపుడు లోచెవిలో అమర్చు కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్స ఆరోగ్యశ్రీలో చేరినది. ఆ పథకము 2007 ఏప్రిలులో తొలుత ఆరంభమైన మూడు జిల్లాలలో అనంతపుర మొకటి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురమున స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వినికిడి లేని బాలబాలికలకు పాఠశాలలు నడపినది. హైదరాబాదు ప్రముఖుడు నవాబు అలీ యావర్ జంగ్ పేర 1983లో బొంబాయిలో నెలకొల్పిన జాతీయ సంస్థకు సికిందరాబాదున శాఖ గలదు.

మిషను తీసికొనునపుడు మూడు ప్రశ్న లడుగుడు. దీనికి రెండు మైక్రోఫోనులు గలవా? దిక్కు పద్ధతిని మార్చు మీట యెక్కడ? కొన్ని వారముల పిమ్మట మఱల సరిచేయుదురా? మూడవ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. చాలకాలము నిశ్శబ్దమునకు అలవాటుపడిన మనస్సు మొదటి దినముననే ధ్వనుల నన్నిటిని భరింపలేదు. దినమున కొక గంటతో నారంభించి, నిశ్శబ్దమైన గదిలో ఒకరితో మాటలాడించి, పిమ్మట ఇద్దఱితోను, ఆపైన సంతలోను అలవాటు చేయవలెను.

2021లో ప్రపంచారోగ్య సంస్థ, చికిత్సయో సహాయమో అవసరమగునంతటి వినికిడి లోపము గలవారు లోకమున 43 కోట్లకు పైగా నున్నారని తెలిపినది. అంత పెద్ద లెక్క మన కేల? మన యింటి లెక్క చూచుకొందము. ధర్మవరపు మరమగ్గముల నడుమ ఏండ్ల తరబడి పనిచేసినవారు, తాడిపత్రిలో బండలు కోయు యంత్రముల వద్ద నిలిచినవారు, కేవలము వయసు మళ్ళినవారు మన బంధువులలో ఎందఱు లేరు? అందును స్త్రీలు తమ కష్టమును తామే కప్పిపుచ్చుకొందురు. "నా కింక వినవలసిన దేమున్నదమ్మా" అను అత్తగారి మాటను నమ్మకుడు. వినుటకు మనుమరాలి పలుకు లున్నవి. దూరమున నున్న కుమారుని క్షేమ మున్నది. చేనిపై వాన పడిన చప్పు డున్నది. ఈ నెలలో ఒక దినము తీరిక చేసికొని ఆమెను చెవి పరీక్షకు తోడ్కొనిపొండు. గూటిలో మిషను పడియున్నచో తీసి, ధూళి తుడిచి, బ్యాటరీ మార్చి, ఆమె కెదురుగా పీట వేసికొని కూర్చుండి, మెల్లగా మాటలాడి చూడుడు.